బారు కౌంటర్ వెనక నిలబడే మనిషి: పొగ నిషేధంపై చర్చలో మరుగున పడే ప్రశ్న

పొగతాగడంపై ఆంక్షలు పెట్టాలన్న అంశం ఎజెండాలోకి వచ్చిందంటే ఆ రోజు నగర కౌన్సిల్ హాలు నిండిపోతుంది. రోడ్ల మరమ్మతుల మీదో, నీటి పన్ను మీదో మాట్లాడుకునేటప్పుడు ఖాళీగా కనిపించే కుర్చీలు ఆ సాయంత్రం సరిపోవు. మైకు దగ్గరకు ఒక్కొక్కరే వస్తారు. బారు యజమాని తన బ్యాంకు అప్పు గురించి చెబుతాడు. ఆస్తమా ఉన్న పిల్లాడి తల్లి వస్తుంది. చట్టం అమ్మనిచ్చే సరుకును నా డబ్బుతో నేను కొనుక్కుని ఎక్కడ కాల్చాలో మీరెవరు చెప్పడానికి అని ఒకాయన గట్టిగానే నిలదీస్తాడు. ఊపిరితిత్తుల డాక్టర్ కాగితం తీసి లెక్కలు చదువుతాడు. అందరి వంతూ అయిపోయాక గమనిస్తే, రోజుకు ఎనిమిది గంటలు ఆ పొగలో నిలబడే మనిషి మాత్రం అసలు మాట్లాడలేదని తెలుస్తుంది. కౌన్సిల్ సమావేశం జరిగే వేళకు బార్‌టెండర్ డ్యూటీలో ఉంటాడు. సెలవు దొరికినా, యజమాని ముందు వరుసలో కూర్చుని ఉండగా లేచి ఆయనకు ఎదురు చెప్పడం తేలిక కాదు.

అందుకే ఈ చర్చ దాదాపు ప్రతిచోటా కస్టమర్ చుట్టూనే తిరుగుతుంది. పొగ పడనివాళ్లు ఆ బారుకు వెళ్లకపోతే సరిపోతుంది కదా, ఎవరి ఇష్టం వాళ్లది అన్న వాదన మొదట వినగానే న్యాయంగానే అనిపిస్తుంది. గంటసేపు కూర్చుని లేచిపోయే మనిషి విషయంలో దానికి కొంత బలమూ ఉంది. అదే గదిలో బతుకుతెరువు వెతుక్కున్న మనిషికి ఈ వాదన వర్తించదు. ఇష్టం లేకపోతే ఉద్యోగం మానేయమని చెప్పడం పనిచేసే చోట భద్రత గురించి ఎక్కడా ఒప్పుకునే జవాబు కాదు. క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం గాలిలో కలుస్తున్న ఫ్యాక్టరీని ఏ అధికారి తనిఖీ చేసినా, కార్మికులకు వేరే పని చూసుకోమని చెప్పి వెళ్లిపోడు. పొగాకు పొగకు ఒక్కదానికే చాలాకాలం ఈ మినహాయింపు దొరికింది. ఇంత పాతుకుపోయిన అలవాటును ఎవరూ ప్రమాదంగా చూడకపోవడమే కారణం.

చూడటం మొదలైంది కూడా నెమ్మదిగానే. సిగరెట్ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని అమెరికా ప్రభుత్వానికి ప్రజారోగ్య విషయాల్లో ప్రధాన ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ నివేదిక అధికారికంగా తేల్చింది 1964లో. పక్కవాళ్లు వదిలిన పొగ వల్ల కూడా ముప్పు ఉండొచ్చని అదే కార్యాలయం మొదటిసారి ప్రస్తావించింది 1972లో. 1981లో జపాన్ శాస్త్రవేత్త తకేషి హిరయామా, పొగతాగని గృహిణుల మీద చేసిన పెద్ద అధ్యయనాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తొంభై వేలమందికి పైగా మహిళల వివరాలు అందులో ఉన్నాయి. భర్త ఎంత ఎక్కువగా సిగరెట్లు కాలిస్తే, ఎన్నడూ సిగరెట్ ముట్టని భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగినట్టు కనిపించింది. సిగరెట్ కంపెనీలు ఆ అధ్యయనాన్ని తప్పుపట్టడానికి చాలా శ్రమపడ్డాయి. కానీ తర్వాత వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశోధనలు అటే మొగ్గాయి. 1986లో సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ ఈ ఒక్క విషయం మీదే పూర్తి నివేదిక ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, తాము పొగతాగకపోయినా ఇతరుల పొగ వల్ల చనిపోతున్నవాళ్లు ఏటా పది లక్షలకు పైనే.

పాలకుల స్పందనలో పెద్ద ప్రభుత్వాలకంటే చిన్న ఊళ్లే ముందు నడిచాయి. అమెరికాలో మిన్నెసోటా 1975లో రాష్ట్రవ్యాప్త చట్టం చేసిన మాట నిజమే. కానీ అందులో బార్లను వదిలేశారు. బార్లతో సహా పైకప్పు కింద ఉన్న బహిరంగ ప్రదేశాలన్నిటిలో పొగతాగడాన్ని నిషేధించిన తొలి నగరం కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో. 1990 ఆగస్టులో ఆ చిన్న ఊరు ఈ పని చేసింది. దేశం మొత్తానికి, పబ్బులతో సహా, ఇదే పని చేసిన మొదటి దేశం ఐర్లండ్. అప్పటికి 2004 మార్చి 29 వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఈ పోరాటమంతా ఎక్కువగా ఊరి స్థాయిలోనే నడిచింది.

ఊరి స్థాయిలోనే ఎందుకన్నది కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం. రాజధానిలో పొగాకు కంపెనీల తరఫున పైరవీ చేయడానికి కొద్దిమంది నిపుణులు చాలు. వందల ఊళ్లలో, వందల కౌన్సిళ్లలో అదే పని చేయాలంటే సాధ్యం కాదు. పైగా కౌన్సిలర్ రేపు పొద్దున అదే వీధిలో నడవాలి, మైకు ముందు దగ్గిన మనిషే అతనికి దుకాణంలో ఎదురవుతుంది. అందుకే కంపెనీలు మరో దారి పట్టాయి. పైనుంచి ఒక బలహీనమైన రాష్ట్ర చట్టం తెప్పించి, అంతకంటే గట్టి నిబంధనలు ఊళ్లు పెట్టుకోకూడదన్న వాక్యం అందులో చేర్పించడం మొదలుపెట్టాయి. 1980లు, 90లలో అమెరికాలో చాలా రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేశాయి. బయటికి ఆరోగ్య చట్టంలా కనిపిస్తూ, లోపల స్థానిక సంస్థల చేతులు కట్టేసే ఈ పద్ధతిని గుర్తుపట్టడానికి ప్రజారోగ్య సంఘాలకు చాలా ఏళ్లు పట్టింది.

బార్‌టెండర్ల సంగతికి తిరిగి వస్తే, వాళ్ల ఊపిరితిత్తుల్లో ఏం జరిగిందో దగ్గరగా చూసిన అధ్యయనం ఒకటుంది. కాలిఫోర్నియాలో ఆఫీసులు, ఫ్యాక్టరీల మీద నిషేధం 1995లోనే వచ్చినా బార్లకు 1998 జనవరి 1 దాకా గడువిచ్చారు. ఆ తేదీకి ముందు ఒకసారి, తర్వాత కొన్ని వారాలకు మరోసారి శాన్‌ఫ్రాన్సిస్కోలో 53 మంది బార్‌టెండర్లను పరిశోధకులు కలిశారు. పిల్లికూతలు వస్తున్నాయా, ఆయాసం ఉందా, పొద్దున లేవగానే దగ్గు, కఫం ఉన్నాయా అని అడిగారు. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచారు. నిషేధానికి ముందు 39 మందికి ఏదో ఒక శ్వాస సమస్య ఉంది. నిషేధం తర్వాత వాళ్లలో 23 మందికి ఆ లక్షణాలు లేవు. ఊపిరితిత్తుల పనితీరు కూడా మెరుగైంది. ఆ 53 మందిలో సొంతంగా సిగరెట్ తాగేవాళ్లూ ఉన్నారు. మందు లేదు, చికిత్స లేదు, ఉద్యోగం మారలేదు. గదిలో గాలి మారింది, అంతే. ఒక చట్టానికి ఇంత త్వరగా ఫలితం కనిపించే సందర్భాలు ప్రజారోగ్యంలో చాలా తక్కువ.

గుండెపోట్ల మీద ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. మోంటానా రాష్ట్రంలోని హెలెనా అనే చిన్న నగరం 2002 జూన్‌లో నిషేధం తెచ్చింది. ఆరు నెలలకు కోర్టు ఆదేశంతో అది ఆగిపోయింది. ఆ ఆరు నెలల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లు 24 మంది. అంతకుముందు సంవత్సరాల్లో అవే నెలల సగటు 40. ఈ 40 శాతం తగ్గుదలను కౌన్సిల్ సమావేశాల్లో ఇప్పటికీ వల్లిస్తుంటారు. అంత చిన్న ఊళ్లో, అంత చిన్న అంకెల్లో యాదృచ్ఛికతకు చాలా చోటుంటుంది. స్కాట్లండ్‌లో 2006 నిషేధం తర్వాత చేసిన అధ్యయనంలో తీవ్ర గుండె సమస్యలతో చేరినవాళ్లు 17 శాతం తగ్గారు. ఇంగ్లండ్ మొత్తాన్ని పరిశీలించిన అధ్యయనంలో నిషేధం వల్ల వచ్చిందని చెప్పగలిగిన తగ్గుదల 2.4 శాతం. ఇంగ్లండ్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి, 2007 జులైలో చట్టం వచ్చేనాటికే అక్కడ చాలా ఆఫీసుల్లో పొగ ఆగిపోయింది. ప్రభావం ఉందన్నది గట్టి మాట. దాని పరిమాణం చోటును బట్టి మారుతుందన్నది కూడా అంతే గట్టి మాట. పెద్ద అంకె దొరికింది కదా అని దాన్నే పట్టుకుని వాదించే అధికారి, అవతలివాళ్లు చిన్న అంకె తీసినప్పుడు నమ్మకం పోగొట్టుకుంటాడు.

ఇక వ్యాపారం. కౌన్సిలర్లకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదే. సేల్స్ ట్యాక్స్ తగ్గితే నగర బడ్జెట్‌కు దెబ్బ, బార్లు మూతపడితే ఉద్యోగాలకు దెబ్బ. 1987లో బెవర్లీ హిల్స్ నగరం రెస్టారెంట్లలో పొగతాగడాన్ని నిషేధించింది. వ్యాపారం 30 శాతం పడిపోయిందని రెస్టారెంట్ల సంఘం పేరుతో గగ్గోలు లేచింది. నాలుగు నెలలకే కౌన్సిల్ వెనక్కి తగ్గింది. ఆ సంఘం వెనక ఉన్నది పొగాకు కంపెనీలన్న సంగతి తర్వాత బయటపడింది. పన్ను లెక్కలు తీసి చూస్తే ఆ 30 శాతం ఎక్కడా కనిపించలేదు. కానీ అప్పటికే ఆ అంకె ఇతర నగరాల సమావేశాలకు చేరిపోయింది.

ఇక్కడ లెక్క ఎవరిదన్నదే అసలు ప్రశ్న. అమ్మకాలు తగ్గాయా అని యజమానులను అడిగితే వచ్చే జవాబు వేరు, పన్ను కార్యాలయంలో నమోదైన అంకె వేరు. 2003లో ఇలాంటి 97 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్షలో, పన్ను రికార్డుల లాంటి గట్టి ఆధారాలతో, సరైన పద్ధతిలో చేసినవాటిలో నష్టం కనబడలేదు. నష్టం ఉందన్న అధ్యయనాల్లో దాదాపు అన్నిటికీ డబ్బు పొగాకు పరిశ్రమ వైపునుంచే వచ్చింది. న్యూయార్క్ నగరంలో 2003 మార్చి 30 నుంచి బార్లలోనూ పొగ ఆగింది. తర్వాతి పది నెలల్లో బార్లు, రెస్టారెంట్ల నుంచి నగరానికి వచ్చిన పన్ను అంతకుముందు ఏడాదితో పోలిస్తే 8.7 శాతం పెరిగింది. అంతకుముందు ఏడాది 2001 దాడుల దెబ్బ నుంచి నగరం ఇంకా కోలుకుంటున్న కాలం కాబట్టి ఆ పెరుగుదల అంతా నిషేధం పుణ్యమని చెప్పలేం. కనీసం వ్యాపారం కుప్పకూలలేదని మాత్రం చెప్పొచ్చు.

ఇంత చెప్పినా బారు యజమాని భయాన్ని కొట్టిపారేయకూడదు. మొత్తం నగరం అంకె బాగున్నంత మాత్రాన ప్రతి బారూ బాగుందని కాదు. ఊరి పొలిమేరలో ఉన్న బారు సంగతే చూడండి. రోడ్డుకు ఇటువైపు నగరం, అటువైపు నిషేధం లేని పక్క ఊరు. రోజూ సాయంత్రం వచ్చే నలుగురైదుగురు పాత కస్టమర్లు రోడ్డు దాటి అటు వెళ్లిపోతే, ఆ నష్టం పన్ను లెక్కల్లో కనబడనంత చిన్నది, ఆ యజమానికి మాత్రం నెల అద్దె అంతటిది. దీనికి మందు నిషేధాన్ని నీరుగార్చడం కాదు. చుట్టుపక్కల ఊళ్లు ఒకే తేదీ నుంచి ఒకే నిబంధన పెట్టుకోవడం. పక్కపక్క నగరాలు కలిసి మాట్లాడుకున్నచోట ఈ గొడవ చాలావరకు తీరింది.

చర్చ వేడెక్కాక ఎవరో ఒకరు మధ్యేమార్గం అంటూ లేస్తారు. పొగతాగేవాళ్లకు వేరే భాగం పెడదాం, మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టిద్దాం అంటారు. వినడానికి అందరికీ సమ్మతమైన మాట. కానీ గాలికి గీత తెలియదు. ఒకే గదిలో కుర్చీలను రెండుగా విడదీస్తే పొగ విడిపోదు. ఫ్యాన్లు వాసనను, కంటికి కనిపించే మబ్బును తగ్గిస్తాయి. వెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా లేని సూక్ష్మ కణాలు, క్యాన్సర్ కారక వాయువులు గదిలోనే తిరుగుతుంటాయి. వాటిని సురక్షితమనే స్థాయికి దించాలంటే గదిలో గాలిదుమారం లేపినంత వేగంగా గాలి మార్చాలి, బల్ల మీద కాగితం కూడా నిలవదు. వెంటిలేషన్ ప్రమాణాలు నిర్ణయించే ఇంజనీర్ల సంఘం ఆష్రే 2005లో ఈ విషయం తేల్చి చెప్పింది: ముప్పు తొలగించే మార్గం లోపల పొగతాగనివ్వకపోవడం ఒక్కటే. ఫ్యాన్లు అమ్ముకుంటే లాభపడే రంగానికి చెందిన నిపుణులే ఈ మాట అన్నారు. ఆ మరుసటి ఏడాది సర్జన్ జనరల్ నివేదిక కూడా అదే చెప్పింది. పైగా ఆ ప్రత్యేక గదిలోకి గ్లాసులు తీసుకెళ్లేదెవరు, బల్లలు తుడిచేదెవరు? మళ్లీ ఆ వెయిటరే.

మినహాయింపుల చట్టం ఎలా నడుస్తుందో స్పెయిన్ చూపించింది. 2006లో అమల్లోకి వచ్చిన అక్కడి చట్టం వంద చదరపు మీటర్ల లోపు బార్లకు తమ ఇష్టానికి వదిలేసింది. చాలా ఎక్కువ భాగం పొగనే ఎంచుకున్నాయి. పెద్దవి డబ్బు ఖర్చుపెట్టి అద్దాల గోడలు కట్టించుకున్నాయి. 2011 జనవరిలో పూర్తి నిషేధం వచ్చేసరికి ఆ గోడలన్నీ వృథా అయ్యాయి. ప్రభుత్వం చెప్పినట్టే నడుచుకున్న యజమానే అందరికంటే ఎక్కువ నష్టపోయాడు, అతని కోపంలో న్యాయముంది. జర్మనీలో దీనికి అద్దంలోని బొమ్మలాంటి ఘటన జరిగింది. కొన్ని రాష్ట్రాలు వేరే గది ఉన్న పెద్ద రెస్టారెంట్లకు వెసులుబాటు ఇచ్చి, ఒక్క గది మాత్రమే ఉన్న చిన్న బార్లకు ఇవ్వలేదు. ఇది సమానత్వానికి విరుద్ధమని 2008 జులైలో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. నిషేధిస్తే అందరికీ నిషేధించవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. రెండేళ్ల తర్వాత జర్మనీలోని బవేరియా రాష్ట్ర ప్రజలు రెఫరెండంలో మినహాయింపులు లేని చట్టానికే 61 శాతం ఓట్లు వేశారు.

ఒకసారి ఇచ్చిన మినహాయింపు తీయడం ఎంత కష్టమో న్యూజెర్సీ చెబుతుంది. 2006లో ఆ రాష్ట్రం బార్లలో, రెస్టారెంట్లలో పొగ నిషేధించింది, అట్లాంటిక్ సిటీ క్యాసినోల జూదపు హాళ్లను వదిలేసింది. పేకముక్కలు పంచే డీలర్, ముఖానికి మూరెడు దూరంలో కాలుతున్న సిగరెట్ ముందు నుంచి పక్కకు జరగలేడు. ఆట నడుస్తున్నంతసేపు చేతులు బల్ల మీదే ఉండాలి. ఆ ఉద్యోగులు ఏళ్ల తరబడి పోరాడి చివరికి కోర్టుకు కూడా వెళ్లారు. బారు ఉద్యోగి ఊపిరితిత్తులకు అవసరమైన రక్షణ క్యాసినో ఉద్యోగి ఊపిరితిత్తులకు ఎందుకు అక్కర్లేదన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. వ్యాపారం పెద్దదన్నదొక్కటే కారణం.

ఆరుబయటి ప్రదేశాల విషయం వేరు. పార్కులు, బీచ్‌లు, కాలిబాటల మీద నిషేధం కోరేటప్పుడు లోపలి గాలికి వాడిన ఆధారాలే ఇక్కడా వాడటం సరికాదు. బయట పొగ త్వరగా చెదిరిపోతుంది. సిగరెట్ పక్కనే, గాలి వాలులో కూర్చుంటే లోపల పీల్చినంత పీల్చే అవకాశం ఉంది, రెండు మీటర్లు జరిగితే బాగా తగ్గిపోతుంది. కాబట్టి తలుపుల దగ్గర, కిటికీల కింద, గుడారం కట్టిన సీటింగ్‌లో, బస్సు కోసం నిలబడే చోట ఆంక్షలకు ఆరోగ్యపరంగా గట్టి పునాది ఉంది. విశాలమైన పార్కు మొత్తానికి నిషేధం పెట్టాలంటే సిగరెట్ పీకల చెత్త, ఎండుగడ్డికి నిప్పు అంటుకునే భయం, పిల్లల కళ్ల ముందు అలవాటు అన్న కారణాలు చెప్పుకోవాలి. అవి చిన్న కారణాలేం కాదు. న్యూయార్క్ 2011లో పార్కులు, బీచ్‌లలో పొగతాగడం ఆపేసింది. అయితే ఎవరో దూరంగా చెట్టు కింద కాల్చిన సిగరెట్ వల్ల మీకు క్యాన్సర్ వస్తుందని జనానికి చెప్పకూడదు. ఆ ఒక్క అతిశయోక్తి వల్ల బార్‌టెండర్ తరఫున చెప్పిన నిజం కూడా అనుమానంలో పడుతుంది.

లోపల ఆగిన పొగ తలుపు బయటికొస్తుందన్నది కౌన్సిల్ ముందే ఆలోచించాల్సిన సంగతి. అర్ధరాత్రి బారు ముందు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటుంటే పై అంతస్తులో నిద్రపోయేవాళ్లు ఫిర్యాదు చేస్తారు. కాలిబాట నిండా పీకలు పేరుకుంటాయి. తలుపు నుంచి ఎంత దూరం, బూడిద డబ్బాలు ఎక్కడ, ఊడ్చే బాధ్యత ఎవరిది అన్నవి ముసాయిదాలోనే రాసుకోవాలి. పైకప్పు, మూడు వైపులా తెరలు ఉన్న చోటును ఆరుబయట అనొచ్చా అన్నది కూడా కొలతలతో తేల్చకపోతే శీతాకాలం రాగానే ప్రతి బారుకూ ఒక ప్లాస్టిక్ గది మొలుస్తుంది.

అమలు గురించి ఉండే భయం మాత్రం అనుభవంలో నిలబడలేదు. ప్రతి బారుకూ ఒక పోలీసును ఎక్కడ తెస్తారని అడుగుతారు. ఆ అవసరం రాలేదు. జరిమానా పొగతాగినవాడి మీదే కాక, తాగనిచ్చిన యజమాని మీద కూడా ఉండి, పదేపదే జరిగితే లైసెన్స్ దాకా వస్తుందంటే యజమానే చూసుకుంటాడు. బల్ల మీద యాష్‌ట్రే లేకపోతే వెలిగించబోయిన చెయ్యి తనంతట తానే ఆగుతుంది. ఐర్లండ్‌లో పబ్బు సంస్కృతి ఈ చట్టాన్ని మింగేస్తుందని అనుకున్నారు. తొలి ఏడాది తనిఖీల్లో 94 శాతం చోట్ల చట్టం సరిగ్గా అమలవుతున్నట్టు తేలింది. బయట ఆగితే ఇళ్లలో ఎక్కువ తాగుతారని, పిల్లలకు నష్టమని మరో వాదన ఉండేది. స్కాట్లండ్‌లో ఆస్తమాతో ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య నిషేధానికి ముందు ఏటా పెరుగుతూ వచ్చి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కౌన్సిళ్ల ముందున్న కొత్త తగాదా ఈ-సిగరెట్లు. వాటి ఆవిరి హాని సిగరెట్ పొగంత అని చెప్పే ఆధారాలు లేవు, అందులో నికోటిన్, సూక్ష్మ కణాలు ఉన్నాయన్నది మాత్రం రుజువైంది. చాలా నగరాలు వాటినీ లోపల ఆపేశాయి.

ఓటింగ్ దాకా వచ్చాక చివరగా వచ్చే సవరణ ఒకటుంటుంది. నిషేధానికి మేం వ్యతిరేకం కాదు, మరో ఏడాది అధ్యయనం చేసి, యజమానులకు ఇంకాస్త గడువిచ్చి అమలు చేద్దాం అంటారు. ఎవరినీ నొప్పించని సవరణ కాబట్టి తేలిగ్గా నెగ్గుతుంది. ఆ గడువు ఖర్చు ఎవరు భరిస్తారో కెనడాలోని ఒటావాలో ఒక మనిషి కథ చెబుతుంది. హెదర్ క్రో నలభై ఏళ్లు రెస్టారెంట్లలో వెయిట్రెస్‌గా పనిచేశారు. జీవితంలో ఒక్క సిగరెట్ కాల్చలేదు. ఒటావా నగరం 2001 ఆగస్టులో బార్లు, రెస్టారెంట్లలో పొగ నిషేధించింది. ఏడాది తిరగకుండానే ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. పనిచేసిన చోట పీల్చిన పొగ వల్లే వచ్చిందని అంగీకరించి ఒంటారియో కార్మిక పరిహార బోర్డు పరిహారం ఇచ్చింది. ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి కౌన్సిలర్ల ముందు, మంత్రుల ముందు కూర్చుని తనలాంటి చివరి మనిషి తనే కావాలని అడిగారు. ఒంటారియో 2005లో రాష్ట్రం మొత్తానికి చట్టం చేసింది, అమలు తేదీని 2006 మే 31గా పెట్టింది. ఆమె మే 22న చనిపోయారు.